వేట లేని రోజుల్లో జైసల్మేర్

జైసల్మేర్ వెళ్లడానికి మంచి కాలం ఏదని ఎవరిని అడిగినా అక్టోబరు నుంచి మార్చి దాకా అంటారు. మేము మే నెలలో వెళ్లాం. తెలియక కాదు, తెలిసే వెళ్లాం. చదివేవాళ్లు జాలిపడి అలసిపోకూడదని ముందే చెప్పేస్తున్నాను.

మేము అంటే ఇద్దరం. ఒకరు మా బావ అప్పన్న, అంటే మా అక్క నూకరత్నం భర్త. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటుకి సరంగు. బోటు నడపడం, మనుషుల్ని తిట్టడం, అందరినీ తిరిగి ఒడ్డుకి చేర్చడం సరంగు పనులు. రెండోవాణ్ణి నేను. హార్బర్ పక్కనే ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుంటాను. వేసవిలో చేపలు గుడ్లు పెట్టుకోవాలని ప్రభుత్వం రెండు నెలలు వేట ఆపేస్తుంది. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. బోట్లు కదలకపోతే మా ఐసు అడిగేవాడుండడు. ఊరంతా చల్లటి నీళ్ల కోసం అల్లాడే కాలంలోనే మా ఫ్యాక్టరీ పడుకుంటుంది. ఏడాదిలో మా ఇద్దరికీ దొరికే సెలవులు అవే.

ఈ ఏడు వేట ఆగడానికి కొంచెం ముందు బావ బోటుకి సముద్రం మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. గాలి పట్టుకుంది. కెరటాలు డెక్కు మీదికి ఎక్కి దిగాయట. ఇంకో బోటు చూసి, తాడేసి లాక్కొచ్చింది. అందరూ క్షేమం. ఒడ్డుకొచ్చాక బావ ఆ కథని హార్బర్ మొత్తానికి నవ్విస్తూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వు కొంచెం పెరిగేది. నవ్వే విషయంలో నేను చేయగలిగిన సాయం చేశాను. అక్క ఒక్కతే నవ్వలేదు. బావకి ఆనాటి నుంచి నిద్ర లేదు. కళ్లు తెరుచుకుని పడుకుంటాడు, తెల్లారకముందే లేచి వాకిట్లో నిలబడతాడు.

"సముద్రం సాలు, ఒగ్గీ" అంది అక్క. మా ఫ్యాక్టరీలో మిషను దగ్గర ఒక పని ఖాళీ ఉందని నేనే చెప్పాను. ఇటు బోటు ఓనరేమో, వేట మొదలయ్యే లోపల వస్తావో రావో తేల్చమన్నాడు. అక్కనీ ఓనరునీ బావ చాలా రోజులు తప్పించుకు తిరిగాడు. ఒకనాడు అన్నం తింటూ నన్నడిగాడు:

"బామ్మర్దీ, నీరు కనపడని ఊరు ఏటున్నాది? అక్కడికెల్లి ఆలోసిత్తాను."

ద్వారకా నగర్

ఫోనులో ఇసుక తిన్నెల వీడియో ఒకటి చూపించాను. బావ దాన్ని ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "కెరటాలే ఇవి. కాపోతే కదల్నేదు" అన్నాడు. ఊరు ఖాయమైపోయింది.

ద్వారకా నగర్లో కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక ట్రావెల్ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అమ్మాయి మమ్మల్ని చాలా మర్యాదగా చూసింది, మే నెల అనే దాకా.

"మేలో ఎవరూ వెళ్లరు సార్. నలభై అయిదు దాటుతుంది."

"అయితే రష్ ఉండదు గదా" అన్నాడు బావ.

"సీజను అక్టోబర్ నుంచి సార్."

"అక్టోబర్లో మాకు సీజను తల్లీ."

ఆమె మా వైపు, గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఎడారి సీజనూ, చేపల సీజనూ ఈ భూమ్మీద ఎక్కడా కలవవని ఆ క్షణంలో ముగ్గురికీ అర్థమైంది. డెజర్ట్ క్యాంపులన్నీ మూసేసి ఉంటాయనీ, డాన్సులు ఉండవనీ, గుడారాలు కూడా విప్పేసి ఉంటారనీ చెప్పింది. బావ ముఖం అంతకంతకీ వెలిగిపోయింది. ఏమీ లేని చోటికే వెళ్తున్నామని ఆ పిల్ల నోటితో ఖాయమయ్యాక, ఇక ప్లాన్ చేయడానికేముంది.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "మీ బావ సేత ఐసు పనికి ఊ అనిపించి మరీ తీసుకురా తమ్మీ. అనిపించలేకపోతే నువ్వు కూడా అక్కడే ఉండిపో."

యాత్రకి వెళ్లే తమ్ముణ్ణి ఇంత ఆప్యాయంగా సాగనంపిన అక్కలు తక్కువ.

రైల్లో ఎండు చేప

అక్క ప్రేమ సంచుల్లో ఉంటుంది. పులిహోర, ఆవకాయ, అడుగున నాలుగు కవర్లలో చుట్టిన ఎండు చేపలు. నాలుగు కవర్లూ కలిసి చేయగలిగిందేమీ లేదు. రైలు ఒడిశా దాటేసరికి మా బోగీకి హార్బర్ వచ్చేసింది.

ఎదుటి బెర్తులో ఒక మార్వాడీ పెద్దావిడ. పాతికేళ్ల పైచిలుకు విశాఖలో బట్టల కొట్టు, మేనకోడలి పెళ్లికి జోధ్‌పూర్ ప్రయాణం. శుద్ధ శాకాహారి అని ఆవిడ పట్టుకున్న స్టీలు డబ్బానే చెప్తోంది. ముక్కు దగ్గర చీర కొంగు పెట్టుకుని స్వచ్ఛమైన తెలుగులో అడిగింది.

"ఏంటి బాబూ, ఈ వాసన?"

"బాత్రూమ్ అండీ. పక్కనే కదా" అన్నాను.

"ఎండు సేపలమ్మా. మావే" అన్నాడు బావ.

ఆవిడ నవ్వింది. "అది నాకు తెలీదా? మా కొట్టు వెనకాలే చేపల బజారు. మీరు ఏమంటారో చూద్దామని అడిగాను." తర్వాత తన దగ్గరున్న ఇంకో రెండు కవర్లు ఇచ్చి, గట్టిగా కట్టమంది. కట్టాక చేయి కడుక్కోమంది. కడుక్కున్నాక పూరీలు పెట్టింది. పూరీల్లోకి ఎండిన పుల్లల్లాంటి కూర ఒకటి. కేర్, సంగ్రీ అంటారట. ఎడారి పొదల మీద కాసే కాయలూ, చెట్టుకి వేలాడే చిక్కుళ్ల లాంటివీ. ఎండబెట్టి ఏడాదంతా వండుకుంటారు.

"అయితే ఇయ్యి ఆళ్ల ఎండు సేపలు" అన్నాడు బావ నాతో, చాలా తృప్తిగా.

ఆవిడ విన్నది. కాసేపు ఆలోచించి, "అలాగే అనుకో" అంది. మధ్యాహ్నం బయట తిరగొద్దని, తలకి గుడ్డ చుట్టకుండా గడప దాటొద్దని, పచ్చి ఉల్లిపాయ తినకుండా ఉండొద్దని చెప్పింది. "ఎండాకాలంలో ఎందుకు నాయనా?" అని చివరికి అడిగింది. బావ కిటికీలోంచి చూస్తూ, "నీరు లేని సోట కొన్నాళ్లుందామని" అన్నాడు. ఆవిడ అత్తింటివాళ్లు నీళ్ల కోసమే విశాఖ దాకా వచ్చి ఉంటారు. అయినా ఇంకో పూరీ వేసింది.

పసుపు ఊరు

జోధ్‌పూర్లో రైలు మారాక బయట లోకం కొద్దికొద్దిగా సామాన్లు సర్దేసుకుంది. ముందు పొలాలు పోయాయి. తర్వాత చెట్లు పొదలయ్యాయి, పొదలు ఎక్కడో ఒకటి అయ్యాయి. ఆపైన ఒక రంగు మాత్రం మిగిలింది. ఆ రంగులోంచే జైసల్మేర్ లేచింది. ఊరు కట్టినట్టుండదు. ఇసుకకి ఒక మధ్యాహ్నం కల వచ్చి, ఆ కలలో బురుజులూ కిటికీలూ మొలిచి, మెలకువ వచ్చాక కూడా అవి పోవడం మర్చిపోయినట్టుంటుంది. ఇంత అందంగా నేను అనుకుంటూ ఉండగానే స్టేషన్ బయట ఒక ఆవు నా తువ్వాలు నమలడం మొదలుపెట్టింది.

కోటలో ఇంకా జనం కాపురాలుంటున్నారు. రాజుగారి గుమ్మం పక్కనే ఎవరిదో లుంగీ ఆరేసి ఉంటుంది. మేము దిగిన ఇల్లు కోట లోపలే. యజమాని వ్యాస్ గారు, పెద్ద మీసాలు, చిన్న గొంతు. శీతాకాలంలో రెండు వేలున్న గదిని మాకు ఐదొందలకి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మమ్మల్ని చూసిన చూపులో వ్యాపారం కన్నా ఆందోళన ఎక్కువ కనిపించింది. గదికి చెక్కుడు రాతి కిటికీ ఉంది. దాని రంధ్రాల్లోంచి ఎండ నేల మీద పూలు పూలుగా పడి, గంట గంటకీ ఇంకో గోడకి నడిచేది. ఆ పూలు చూస్తూ మధ్యాహ్నాలన్నీ పడుకున్నాం. నేను నిద్రపోయాను. బావ పూలు లెక్కపెట్టాడు.

సాయంత్రాలు సందుల్లో తిరిగాం. అక్కడ ఇంట్లో పెళ్లయితే గోడ మీద వినాయకుడి బొమ్మ వేసి, పక్కన పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, తేదీ రంగులతో రాస్తారు. అదే పిలుపు. పెళ్లి అయిపోయినా చెరపరు. ఏళ్లు గడిచి రంగు వెలిసి, ఆ ఇద్దరూ గోడలోకి ఇంకిపోయినట్టు కనిపిస్తారు. మన దగ్గర పెళ్లికి ఫ్లెక్సీ కడతాం. పెళ్లికొడుకు పక్కన ఎమ్మెల్యే, ఎమ్మెల్యే పక్కన స్నేహితులు, పెళ్లికూతురికి చోటు మిగిలితే పెళ్లికూతురు. మొదటి గాలివానకి అదెళ్లి ఎవరి పశువుల పాక మీదో కప్పు అవుతుంది. ఆ విధంగా మనదే ఎక్కువ ఉపయోగం.

ఊళ్లో ఒక పాత హవేలీ ఉంది, అంటే షావుకార్ల పెద్ద మేడ. పై అంతస్తు ఓడ వెనుకభాగంలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుందని దాన్ని ఓడ మహలు అంటారట. వ్యాస్ గారు గర్వంగా చూపించాడు. బావ నడుము మీద చేతులేసుకుని, రోడ్డుకి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి చూశాడు.

"పైన బరువెక్కువైపోనాది. నీట్లో దింపితే పక్కకి తిరిగిపోతాది."

"ఏమంటున్నారు?" అన్నాడు వ్యాస్ గారు.

"చాలా బాగుందంటున్నాడు" అన్నాను.

వ్యాస్ గారికి బావ నచ్చాడు. దానికి కారణం హవేలీ కాదు, చెంబు. మొదటి పూట భోజనం అయ్యాక బావ అరగ్లాసు నీళ్లతో రెండు చేతులూ, మూతీ, కంచమూ కడిగేశాడు. చుక్క కింద పడలేదు. బోటులో మంచినీళ్లు అలాగే వాడతారు. చుట్టూ సముద్రం ఉంటుంది, తాగడానికి డ్రమ్ములో ఉన్నదే ఉంటుంది. వ్యాస్ గారు అది చూసి, "మీ పూర్వీకులు ఈ వైపువాళ్లా?" అని అడిగాడు. నేను వాడిన రెండు చెంబులు చూసి నన్నేమీ అడగలేదు.

తిండి మాట. సజ్జలతో చేసే బజ్రా రొట్టె, వెన్న, వెల్లుల్లి కారం, కుండలో మజ్జిగ. మజ్జిగ గ్లాసు ఇరవై రూపాయలు, తాగాక ఇంకో రెండు తాగకుండా లేవలేం. చేప అనే మాట ఆ ఊళ్లో ఎవరూ ఎత్తరు. ఎండు చేపల సంచి మేడ మీద మూలన పెట్టాం. మర్నాటికి కోట మీది పిల్లులన్నీ మా స్నేహితులు.

గిన్నె

వెళ్లేముందు అక్కకి ఏదైనా కొందామని వ్యాస్ గారి వెంట ఆయన తమ్ముడి కొట్టుకి వెళ్లాం. అక్కడ గోధుమరంగు రాతి గిన్నెలున్నాయి. ఈ రాయి గిన్నెలో పాలు పోస్తే తోడు వేయకపోయినా తెల్లారేసరికి పెరుగవుతుందట. మా ఇంట్లో ఏ గిన్నెలో పోసినా మే నెలలో అంతే అవుతుందని చెప్పాను. బేరం అంత సజావుగా సాగలేదు.

బావ మాత్రం ఒక గిన్నె తీసుకుని గుమ్మంలోకి, వెలుతురులోకి వెళ్లాడు. తిప్పి తిప్పి చూశాడు. రాతి నిండా మెలికలు, చారలు, చిన్న చిన్న చుట్టలు.

"ఇది నత్త" అన్నాడు. వేలు జరిపి, "ఇది ఆలిసిప్ప. ఇదేటో తెల్దు. ఇదీ నత్తే."

నేను హిందీలో చెప్తే, "అవును" అన్నాడు వ్యాస్ గారు, వాతావరణం చెప్పినంత మామూలుగా. "ఒకప్పుడు ఇదంతా సముద్రం. ఈ కోట రాయిలో కూడా దొరుకుతాయి."

బావ గుమ్మంలోనే కూలబడ్డాడు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకి, రెండు రైళ్ల చెమటలో, సముద్రం లేని చోటుకని వచ్చాం. అది మాకన్నా ముందే వచ్చి, పని చూసుకుని, వెళ్తూ వెళ్తూ సామాను కొంత వదిలి వెళ్లింది. సందులో గాలి లేదు. పసుపు గోడలన్నీ నీటి అడుగున నిలబడిన మనిషికి పైనుంచి వెలుగు దిగినట్టు మెల్లగా ఊగుతున్నాయి. కాసేపు నాకు కూడా తల మీద నీళ్లున్నట్టే అనిపించింది. వడదెబ్బ కూడా అలాగే మొదలవుతుందని రైల్లో పెద్దావిడ చెప్పింది కాబట్టి ఒక ఉల్లిపాయ కొరికాను.

"ఎక్కడికెల్లినా ఇంతేటి బామ్మర్దీ" అన్నాడు బావ. గిన్నె కొనలేదు. తుడిచి జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

తిన్నెలు

ఇసుక తిన్నెల దగ్గర ఆ ట్రావెల్ అమ్మాయి చెప్పినవన్నీ నిజమే. గుడారాలు లేవు, డాన్సు లేదు, మనుషులు లేరు. ఉన్నది సాదిక్ అనే ఒంటెవాడు, రాకెట్ అనే ఒంటె. రాకెట్ తన పేరుని ఏనాడూ సీరియస్‌గా తీసుకోలేదు. సీజను లేనప్పుడు కూడా సాదిక్ ఎందుకు కూర్చున్నాడంటే, ఇంట్లో కూర్చుంటే భార్య ఒంటెని అమ్మేసి జీపు కొనమంటుందట.

"ఇక్కడా మీ అక్క ఉన్నాది" అన్నాడు బావ నాతో.

ఒంటె లేచేటప్పుడు మనిషిని ముందుకీ వెనక్కీ విసురుతుంది. నేను దాని మెడ మీదకి వెళ్లి, సాదిక్ భుజం మీదకి వచ్చి, ఇసుకలోకి దిగాను. అది సవారీ కింద లెక్కకి రాదని సాదిక్ దయతలిచి మళ్లీ ఎక్కించాడు. బావ మాత్రం కదలకుండా కూర్చున్నాడు. రాకెట్ ఒక్కో తిన్నె ఎక్కి దిగుతుంటే నడుము దాంతో పాటే వదులుగా ఊగింది. పొద్దు వాలుతోంది. తిన్నెల అంచుల మీంచి ఇసుక పొగలా లేచి, ఇంకో తిన్నె మీద వాలుతోంది. వీడియోలో కదలని కెరటాలు ఇక్కడ కదులుతున్నాయి. నెమ్మదిగా, ఎవరూ చూడనప్పుడు. ఆకాశం, ఇసుక, మేము, అన్నీ ఒకే పసుపులోకి కరిగిపోతుంటే, నేను ఎవరు, ఏ ఊరు అనేది పెద్ద విషయంగా అనిపించలేదు. నడ్డి నొప్పి మాత్రం నాదేనని స్పష్టంగా తెలుస్తోంది.

ఒక తిన్నె నీడన దిగి, సాదిక్ పుల్లలు రాజేసి టీ పెట్టాడు. వాళ్లు గిన్నెలు ఇసుకతో తోముతారు. బావ వెంటనే కూర్చుని తోమడం మొదలెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన. బావ హిందీ హార్బర్ హిందీ, పారాదీప్ బోట్ల వాళ్ల దగ్గర నేర్చుకున్నది. అందులో నాలుగు మాటలూ, మిగతా చేతులూ ఉంటాయి.

సాదిక్ ఒకసారి దుమ్ము తుఫానులో చిక్కుకున్న సంగతి చెప్పాడు. పగలే చీకటైపోయిందట. రాకెట్‌ని కూర్చోబెట్టి, దాని పొట్ట వెనకాల తల దాచుకున్నాడట. అంతే. అందులో నీతి ఏమీ లేదు. చెప్పి టీ వడపోశాడు.

బావ గ్లాసు పట్టుకుని ఇసుక వైపు చూస్తూ అన్నాడు. "మేరా భీ. బోట్ మే. ఇంజన్ బంద్. హవా బహుత్." కుడిచేయి చాపి చూపించాడు. "సబ్ లోగ్ మేరా ముహ్ దేఖ్తా. మేరా హాత్ హిల్తా నహీ. డర్ లగా భాయ్. బహుత్ డర్."

సాదిక్, "ఇప్పుడు కూడానా?" అని అడిగాడు.

"అభీ భీ."

సాదిక్ తలూపి, బావ గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.

హార్బర్లో అందరినీ నవ్వించిన కథ ఇదే. అందులో ఇంజన్ సెలవు పెట్టింది, బోటులో పనిచేసే కళాసీ ఒకడు దేవుళ్ల పేర్లు మర్చిపోయాడు, బావ బీడీ వెలిగించాడు. అందరూ తన ముఖం చూస్తుంటే చేయి కదలలేదనీ, బాగా భయమేసిందనీ, ఇప్పటికీ వేస్తోందనీ నేను మొదటిసారి విన్నాను. తెలుగులో ఎవరికీ చెప్పని మాటని, ఊరూ పేరూ తెలియని మనిషికి, సరిగ్గా రాని భాషలో చెప్పాడు. నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. మంచిదే. టీతో పాటు మింగేశాను.

బావ గ్లాసు పక్కన పెట్టి ఇసుకలో వెనక్కి వాలాడు. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగనే లేదు, గురక వినిపించింది. లేపబోతే సాదిక్ వద్దని సైగ చేశాడు. ఇసుక కొంచెం కొంచెంగా వచ్చి బావ చొక్కా ముడతల్లో చేరింది. ఇంకో వెయ్యేళ్లు అలాగే వదిలేస్తే ఏ గిన్నెలోనో బొమ్మగా తేలేవాడు. నేనూ సాదికూ రాకెట్టూ ముగ్గురం కాపలా కూర్చున్నాం. ముగ్గురిలో రాకెట్ బాగా నమిలాడు.

స్టేషన్ బయట

మర్నాడు ఉదయం స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర బావ నా ఫోను అడిగాడు. తన ఫోనులో ఛార్జింగ్ ఉంది. అయినా నాదే అడిగాడు. స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు, నేను కూడా వినాలన్నట్టు.

"ఏటే, తిన్నావా?"

"నా తిండికేటిలే. ఐసు పనికి ఏటన్నావు?" అంది అక్క.

"ఆనాడు నాకు భయమేసింది రత్నం. సేయి ఆడ్నేదు. ఒడ్డుకొచ్చినాక నవ్వుతా సెప్పినాను గానీ, అది అబద్ధం. ఇప్పుడు కూడా తల్సుకుంటే ఒళ్లు వణుకుతాది."

అవతల పక్కింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు మాత్రం విశాఖ నుంచి స్పష్టంగా వినిపించింది. నేను అక్క తరఫున గెలిచేశాననుకుని, ఇంకో టీ చెప్పాను.

"ఈ మాట ఆనాడే సెప్పొచ్చు గదేటి" అంది అక్క.  "నీకు భయం నేదనే గదయ్యా నా భయం. మునిగిపోయి వొచ్చి, ఇకిలిత్తా కూకుంటే, ఈ మనిసి ఇంకోపాలి ఇంకా లోపలికి పోతాడని నాకు కునుకు పట్ట్నేదు."

"మరి ఐసు పని?" అన్నాడు బావ.

"ఐసు పని ఆ తమ్ముడెదవనే సేసుకోమను. నువ్వు ఎల్తానంటే ఎల్లు. భయమేసిన్నాడు మాత్రం బోటు ఎనక్కి తిప్పీ. ఎవుడు నవ్వినా సరే."

బావ గ్లాసు ఎత్తి ఖాళీ అని చూసుకుని, నా గ్లాసు తాగేశాడు. ఇంత దూరం తీసుకొచ్చినందుకు నాకు దక్కిన బిరుదు గురించి ఎవరూ మాట్లాడలేదు.

జెట్టీ

తిరిగొచ్చాక వేట మొదలైంది. బోట్లకి పసుపు, కుంకుమ, బంతిపూలు, టపాసులు. తెల్లారకముందే హార్బర్ అంతా ఇంజన్లతో దద్దరిల్లింది. బావ బోటు కూడా వెళ్లింది. నేను ఐసు ఎక్కించే పేరుతో దగ్గరుండి చూశాను. బావ చేయి బాగానే ఆడింది.

మొదటి వేటకి వెళ్లిన బోట్లు చాలా రోజుల దాకా తిరిగి రావు. మధ్యాహ్నానికి ఒకటి తిరిగొచ్చింది, బావది. చేపల్లేవు. ఐసు కరగను కూడా కరగలేదు. కళాసీలు ముఖాలు మాడ్చుకుని తాళ్లు విసిరారు. ఓనరు డీజిల్ గురించి అరిచాడు. వలలు బాగుచేస్తున్న ఒక ముసలాయన, "ఏరా అప్పన్నా, ఎడారికెల్లి ఈత మర్సిపోనావేటి?" అన్నాడు. జెట్టీ అంతా నవ్వింది.

"దచ్చినం పక్క మబ్బు బాగోనేదు" అన్నాడు బావ. "భయమేసింది. తిప్పీసినాను."

ఆ మాట తెలుగులోనే, నలుగురికీ వినపడేలా అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. ఆ రోజు గాలి రాలేదు, మర్నాడు కూడా రాలేదు. చినుకు కూడా పడలేదు. సముద్రం పళ్లెంలో నీళ్లలా పడుంది.

బోటు తిరిగొచ్చిందని విని అక్క అప్పటికే చేపలమ్మే తట్ట తెచ్చుకుంది. నవ్వేవాళ్ల మధ్య నుంచి వచ్చి, బావ చేతిలోంచి అన్నం క్యారేజీ అందుకుని, తట్టలో పెట్టింది. చుట్టగుడ్డ తల మీద సర్దుకుని, ఆ తట్ట ఎత్తుకుని, నిండా వంజరం చేపలు ఉన్నదానిలా వీపు నిటారుగా పెట్టుకుని ముందు నడిచింది.